పందికి మత్తు ఇచ్చి ఆపరేషన్ – ముందూ వెనకా ఏం చూసుకోవాలి? చేసినోళ్ళు చెప్పండి

కావలి_వెట్

అందరికీ నమస్తే. కావలి దగ్గర వెట్‌ని. ఇన్నాళ్ళూ నా ప్రాక్టీసంతా గేదెలు, మేకలు, టౌన్లో కుక్కలు. ఇప్పుడు మా జిల్లాలోనే ఒక ప్రైవేటు రీసెర్చ్ యూనిట్లో హెర్నియాకి వేసే మెష్ (వల లాంటి గుడ్డ) ఒకదాన్ని పందుల్లో పరీక్ష చేస్తా ఉండారు, మత్తు ఇచ్చేదీ ఆపరేషన్ తర్వాత చూసుకునేదీ నువ్వే అన్నారు. సర్జన్ మనుషుల డాక్టరు, లాపరోస్కోపీలో బాగా చెయ్యి తిరిగినాయన, ఆయనతో ఇబ్బంది లేదు. పందులు క్రాస్ యార్క్‌షైర్‌వి, 30 కేజీలు అటూ ఇటూ. ఆపరేషన్ అయినాక నాలుగు వారాలు ఉంచి అప్పుడు మెష్ చుట్టూ కండ ఎట్టా పట్టిందో చూస్తారు, అంటే బల్ల మీద బతికిస్తే చాలదు, నాలుగు వారాలు తిని తిరగాలి.

ఎథిక్స్ కమిటీ, ఢిల్లీ నుంచి సీసీఎస్‌ఈఏ (జంతువుల మీద ప్రయోగాల్ని చూసే కేంద్ర కమిటీ) అనుమతి అన్నీ ఉండాయి కాబట్టి దాని గురించి అడగట్లా. నా భయమల్లా పంది గురించే. కాలేజీలో పందికి మత్తు అంటే పుస్తకంలో రెండు పేజీలు, ప్రాక్టికల్‌గా మగ పంది పిల్లలకి వట్టలు తియ్యడం, అంతే. నరం దొరకదంటారు, ఊపిరికి గాలిగొట్టంలో ట్యూబ్ దిగదంటారు, ఒళ్ళు కాలిపోయి బల్ల మీదే పోద్దంటారు. ఎండాకాలం కూడా నెత్తిమీదకొచ్చింది. చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే మొదట్నించీ చెప్పండి ప్లీజ్.

గూడూరు_అక్క

తమ్ముడూ, మద్రాసులో పెద్ద జంతువుల ల్యాబ్‌లో చానా కాలం పనిచేశాను, ఇప్పుడు గూడూరులో సొంత క్లినిక్. నీ భయాలన్నీ నిజమే గానీ ఒక్కొక్కటికీ మందుంది.

గేదెల డాక్టర్‌వి కాబట్టి ముందు జైలజిన్ (మగత మందు) దగ్గర నీ చెయ్యి మార్చుకోవాలి. గేదెకి కేజీకి 0.05 ఎంజీ వేస్తేనే తల వాల్చేస్తది, పందికి అది ఏ మూలకీ చాలదు. పశువుల్లో జైలజిన్‌కి అన్నిటికంటే మొండిది పంది. కేజీకి 1 నుంచి 2 ఎంజీ, దాంతో పాటు కెటమిన్ 10 నుంచి 15 ఎంజీ, ఉమ్మి ఆగడానికి అట్రోపిన్ 0.04, ఇదంతా ఒకే సిరంజిలో కండకి. మిడజోలమ్ దొరికితే 0.3 దాకా కలుపు, ఇంకా మెత్తగా పడుకుంటది. కెటమిన్ ఒక్కటే వేశావంటే కట్టె మాదిరి బిగుసుకుంటది, ట్యూబ్ వెయ్యనియ్యదు.

ఇక్కడే అందరూ దెబ్బ తినేది సూది పొడవు దగ్గర. తొడకి వెయ్యబాక. చెవి మొదలుకి వెనక, భుజానికి ముందు, మెడ మీద వెయ్యాలి, అక్కడ కొవ్వు తక్కువ. అంగుళంన్నర సూది, 18 గానీ 19 గానీ గేజ్. చిన్న సూదేస్తే మందంతా కొవ్వులోకి పోద్ది, కొవ్వులో రక్తం తక్కువ కాబట్టి పావుగంటైనా పంది నిన్నే చూస్తా నిలబడి ఉంటది, నువ్వు డోస్ చాల్లేదనుకుని మళ్ళా పొడుస్తావు, అరగంట తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. సూదికీ సిరంజికీ మధ్య ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ లైన్ పెట్టుకో, పంది కదిలినా సూది ఊడదు, నువ్వు దాని వెంట నడుస్తా మెల్లగా మందు ఎక్కించొచ్చు. నోటి ముందు ఒక అరటిపండు ముక్క ఉంటే ఆ పొడిచింది కూడా పట్టించుకోదు.

మేత 10, 12 గంటల ముందు ఆపాలి, నీళ్ళు ఆపొద్దు, బల్ల ఎక్కే రెండు గంటల ముందు దాకా ఉండనీ. ఇంకోటి, మేత ఆపినప్పుడు కింద పరిచిన గడ్డి, రంపపు పొట్టు కూడా తీసెయ్యాలి. ఆకలైన పంది దాన్నే తినేస్తది, పొద్దున్నే నువ్వు ఖాళీ కడుపనుకుని మత్తిస్తావు. లాపరోస్కోపీ కాబట్టి పేగు ఉబ్బితే సర్జన్ నీ మీదే అరుస్తాడు, అందుకని ముందు రోజంతా పల్చటి జావ మాత్రమే పెట్టించు.

ఆడ పందులే తీసుకున్నారా? లేకపోతే ఇప్పుడే చెప్పు. మగదానికి మూత్రం గొట్టం పైనుంచి వెయ్యలేవు, దాని నిర్మాణమే మెలి తిరిగి ఉంటది, పైగా మూత్రం కారే తిత్తి సరిగ్గా బొడ్డు దగ్గర, మెష్ వేసే చోటే.

ఒంగోలుగిత్త

ఏందబ్బా ఈ హంగామా, పందికి కూడా ఐసీయూ పెడతారా. మా ఊళ్ళో పంది పిల్లలకి మత్తూ లేదు గిత్తూ లేదు, బ్లేడు పెట్టి కోసి బూడిద రాసి వదుల్తారు, సాయంత్రానికి తల్లి దగ్గర పాలు తాగతా ఉంటాయి. పంది మొండి జీవి.

కావలి_వెట్

అక్కా చానా థ్యాంక్స్, ఆడవే తీసుకున్నారు, ఆ మాట సర్జన్ కూడా అన్నాడు. గిత్తన్నా, ఆ పిల్లలకి పొట్ట కోసి లోపల మెష్ కుట్టి నాలుగు వారాలు ఉంచరు కదన్నా.

అక్కా, చెవి నరం, ట్యూబ్ గురించి కొంచెం వివరంగా చెప్తారా. కుక్కకి నాలిక లాగితే స్వరపేటిక ఎదురుగా కనిపిస్తది, పందికి అట్టా కనపడదంట కదా.

గూడూరు_అక్క

చెవి నరం ఏం కష్టం కాదు, ఊరికే భయపెడతారు. చెవి వెనక వైపు అంచు వెంట ఒక పెద్ద నరం పోతా ఉంటది. చెవి మొదట్లో రబ్బరు బ్యాండు బిగించు, స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దు, నిమిషంలో ఉబ్బుతది. 20 గానీ 22 గానీ క్యాన్యులా. అది దిగినాక చెవి లోపల వైపు ఒక బ్యాండేజీ చుట్ట పెట్టి దాని చుట్టూ ప్లాస్టర్ తిప్పు, అప్పుడు చెవి మడతపడదు, లైన్ ఊడదు. చెవి చల్లగా ఉంటే నరం ముడుచుకుపోద్ది, గోరువెచ్చటి తడి గుడ్డ కాసేపు చుట్టు.

ట్యూబ్ సంగతి. పంది నోరు పొడుగు, సరిగా తెరుచుకోదు, అంగిలి మెత్తటి భాగం పొడుగ్గా వేలాడతా ఉంటది, స్వరపేటిక చానా లోపల. మనుషులకి వాడే వంపు బ్లేడు అందదు, పొడుగాటి తిన్నని బ్లేడు కావాలి, 20 సెంటీమీటర్లకి తక్కువ కాకుండా. నేను బోర్లా పడుకోబెట్టే వేస్తాను, ఒకడు పై దవడకి గుడ్డ పీలిక వేసి ఎత్తి పట్టుకోవాలి, ఇంకో పీలిక కింది దవడకి. కొందరు వెల్లకిలా వేసి చేస్తారు, అదీ బానే ఉంటది, చేతివాటం.

ట్యూబ్ కొనతో ఎపిగ్లాటిస్‌ని (స్వరపేటిక మీది మూతని) మెల్లగా కదిపితే అంగిలి కిందనుంచి బయటికొస్తది. స్వర తంతువులు కనపడగానే లిగ్నోకెయిన్ (తిమ్మిరి మందు) స్ప్రే కొట్టి నిమిషం ఆగు. ఆ నిమిషం ఆగలేకే అందరూ పాడుచేసుకుంటారు, పందికి గొంతు చానా త్వరగా పట్టేస్తది. ఆగినాక అది ఊపిరి వదిలేటప్పుడు ట్యూబ్ పంపు. తంతువులు దాటినాక రెండు అంగుళాలు పోయి ఆగిపోద్ది. అక్కడ నెట్టబాక! పంది స్వరపేటిక అక్కడ ఒక మలుపు తిరుగుతది, కింద ఒక సంచి లాంటి గుంట కూడా ఉంటది, నెడితే కొన ఆ గుంటలోకి గుచ్చుకుంటది, రక్తం, వాపు, మెడంతా చర్మం కింద గాలి. కొంచెం వెనక్కి లాగి ట్యూబ్‌ని 180 డిగ్రీలు తిప్పి అప్పుడు పంపు, వెన్నలో దిగినట్టు దిగుతది.

30 కేజీలకి 6.5 సైజు ట్యూబ్ సరిపోద్ది, కానీ 5.5 నుంచి 7 దాకా అన్నీ బల్ల మీద ఉండాల. బరువుతో పోలిస్తే పంది గాలిగొట్టం సన్నం, అదే బరువు కుక్క లెక్క వేసుకోబాక.

ఎక్కువ లోతుకి కూడా పంపబాక. పందికి కుడి ఊపిరితిత్తి పై తమ్మెకి పోయే గొట్టం రెండుగా చీలే చోటుకి ముందే, నేరుగా గాలిగొట్టం నుంచే పుడుతుంది, మన గేదెలకి ఉన్నట్టే. ట్యూబ్ లోతుకి పోతే ఆ తమ్మె మూసుకుపోద్ది, ఆక్సిజన్ 90 దగ్గర కొట్టుకుంటా ఉంటది, నువ్వు మిషన్‌ని తిడతా ఉంటావు.

పొదిలి_పీజీ

అక్కా ఇది ప్రింట్ తీసి గోడకి అంటించుకుంటా 🙏 ఫాలోయింగ్.

మూలాపేట_మత్తుడాక్టర్

నేను మనుషుల మత్తు డాక్టర్‌ని, నెల్లూరులో. పందుల గురించి మాట్లాడే హక్కు నాకెంత ఉందో గానీ మాలిగ్నంట్ హైపర్‌థెర్మియా (మత్తు మందు పడితే ఒళ్ళు బిగిసి వేడెక్కిపోయే జబ్బు) విషయంలో మా వాళ్ళంతా పందులకి రుణపడి ఉన్నాం, అందుకని రాస్తున్నాను.

1960లో మెల్‌బోర్న్‌లో డెన్‌బరో అనే డాక్టర్ ఒక కుర్రాడి కేసు రాశాడు. కాలు విరిగి ఆపరేషన్‌కి వచ్చిన ఆ కుర్రాడు కాలు కంటే మత్తుకే ఎక్కువ భయపడ్డాడు, ఎందుకంటే వాళ్ళ చుట్టాల్లో పదిమంది ఈథర్ మత్తులోనే పోయారు. అప్పటిదాకా ఇదొక జబ్బని ఎవరికీ తెలీదు. 1966లో ఇంగ్లండులో పందులకి సక్సినైల్‌కొలీన్ (కండలు వదులు చేసే మందు) ఇచ్చినప్పుడు సరిగ్గా ఇదే కనిపించింది, ఒళ్ళు బిగుసుకుపోవడం, వేడి ఎక్కిపోవడం, చావు. ఇంక అక్కడి నుంచి ఈ జబ్బు మీద పరిశోధనంతా పందుల్లోనే. 1975లో దక్షిణాఫ్రికాలో హారిసన్ డాంట్రోలీన్ అనే మందుతో అట్లాంటి పందుల్ని బతికించి చూపించాడు, ఆ తర్వాతే మనుషులకి వచ్చింది. అంతకు ముందు ఇది వచ్చిన పేషెంట్లలో ఎక్కువమంది పోయేవాళ్ళు. 1991లో దీనికి కారణమైన జీన్ మార్పు, ఆర్‌వైఆర్‌1 లోది, అది కూడా ముందు పందిలోనే పట్టుకున్నారు.

కావలి తమ్ముడికి పనికొచ్చే ముక్క: పీట్రెయిన్ జాతిలో ఇది బాగా ఎక్కువ, లాండ్రేస్ కొన్ని వంశాల్లో ఉంటుంది, లార్జ్ వైట్ యార్క్‌షైర్లో తక్కువ. మీవి దేనితో క్రాస్ అయినాయో అమ్మినవాణ్ణి గట్టిగా అడగండి. లాండ్రేస్ రక్తం ఉందంటే ఐసోఫ్లూరేన్ (పీల్పించే మత్తు) పక్కన పెట్టి నరంలోకి ఎక్కించే ప్రొపోఫాల్, ఫెంటనిల్ డ్రిప్‌ల మీద నడపడం మంచిది, సక్సినైల్‌కొలీన్ మాత్రం ఏ పందికీ వద్దు. డాంట్రోలీన్ నెల్లూరు మెడికల్ షాపులో పోయి అడిగితే ఇచ్చే మందు కాదు, ముందే తెప్పించి పెట్టుకోవాలి. 20 ఎంజీ సీసా ఒక్కోదాన్ని 60 ఎంఎల్ స్టెరైల్ వాటర్‌లో కలపాలి, సెలైన్‌లో కరగదు. 30 కేజీల పందికి కేజీకి 2.5 ఎంజీ అంటే నాలుగు సీసాలు, కలపడానికే ఒక మనిషి కావాలి.

ఇంకొకటి, మీది లాపరోస్కోపీ కదా, అక్కడ ఒక తికమక ఉంది. ఈ జబ్బు మొదలైందని ముందు చెప్పేది థర్మామీటరు కాదు, క్యాప్నోగ్రాఫ్, అంటే వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మిషన్. ఆ కొలత, ఈటీసీఓటూ, పెరుగుతుంది. కానీ మీ సర్జన్ పొట్టలోకి ఊదేదే కార్బన్ డయాక్సైడ్, అది రక్తంలోకి పీల్చుకుని కూడా ఈటీసీఓటూ పెరుగుతుంది. రెంటికీ తేడా ఎలాగంటే, గ్యాస్ వల్ల పెరిగేది నిదానంగా పెరిగి ఒకచోట నిలబడుతుంది, వెంటిలేటర్ రేటు పెంచితే దిగుతుంది, పొట్టలో గ్యాస్ వదిలేయమంటే ఇంకా దిగుతుంది. ఈ జబ్బు వల్ల పెరిగేది మాత్రం రేటు పెంచినా ఎక్కుతూనే పోతుంది, గుండె వేగం కూడా ఎక్కుతుంది, దవడ, కాళ్ళు బిగుస్తాయి, మత్తు మిషన్‌లో కార్బన్ డయాక్సైడ్ పీల్చే సోడాలైమ్ డబ్బా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అప్పుడు ఆలోచించకుండా ఐసోఫ్లూరేన్ కట్టేసి, నూరు శాతం ఆక్సిజన్, ఐసు, డాంట్రోలీన్. గ్యాస్ ప్రెజర్ 12 దాటనివ్వొద్దని సర్జన్‌కి ముందే చెప్పండి, మనుషులకి 14, 15 పెట్టే అలవాటు ఆయనకి ఉంటుంది.

కావలి_వెట్

సార్ ఇది బంగారం. ఈ గ్యాస్ సంగతి నాకు తట్టనే తట్టలేదు. పందులు అమ్మినాయన తిరుపతి వైపు ఫారం నుంచి తెచ్చానన్నాడు, యార్క్‌షైర్, దేశీ క్రాస్ అన్నాడు, కాగితాలు అడుగుతా.

మత్తు లోతు ఎట్టా చూసుకోవాలి సార్, కుక్కకి కన్ను చూస్తే తెలిసిపోద్ది.

మూలాపేట_మత్తుడాక్టర్

అది అక్కనే అడగండి. నేను చెప్పేది ఒకటే, కండలు వదులు చేసే రిలాక్సెంట్ వెయ్యొద్దు, సర్జన్ ఎంత అడిగినా. కదలడం లేదు కాబట్టి నొప్పి లేదు అనుకోవడం మా దగ్గరే పెద్ద ప్రమాదం, మాటరాని జీవి విషయంలో చెప్పక్కర్లేదు.

గూడూరు_అక్క

పంది కన్ను నమ్మబాక, చిన్న కన్ను, కొవ్వులో కూరుకుపోయి ఉంటది, రెప్ప స్పందన కూడా ఒకసారి ఉంటది ఒకసారి ఉండదు. నేను దవడ చూస్తాను, ఎంత వదులుగా ఉందో. తర్వాత గిట్టల మధ్య చర్మాన్ని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కుతాను, కాలు లాక్కుందంటే కోత పెట్టనియ్యను. ఐసోఫ్లూరేన్ ఒకటిన్నర నుంచి రెండున్నర శాతం మధ్య నడుస్తది, ఫెంటనిల్ ఉంటే ఇంకా తక్కువలో. ఆక్సిజన్ ప్రోబ్ నాలిక్కి పెట్టు, చెవి గానీ తోక గానీ కూడా పనికొస్తది. సగటు బీపీ 60 కింద పడకుండా చూడు.

ఎండాకాలం అని భయపడతా ఉండావు గానీ లోపల ఏసీ ఓటీలో నీ పంది చల్లబడిపోద్ది, అది ఇంకో తలనొప్పి. దానికి ఒంటి మీద వెంట్రుక లేదు, పొట్టలోకి చల్లటి గ్యాస్ పోతా ఉంటది, స్పిరిట్ పోసి తుడుస్తారు. ఒంటి వేడి మామూలుగా 38.5, 39 డిగ్రీల సెల్సియస్ ఉండేది 36కి దిగితే సాయంత్రం దాకా లేవదు. రెక్టల్ ప్రోబ్ తియ్యకుండా ఉంచు, కింద వెచ్చటి పరుపు, సెలైన్ గోరువెచ్చగా. వేన్నీళ్ళ బాటిళ్ళు పెడితే గుడ్డ చుట్టి పెట్టు, నేరుగా పెడితే కాలి బొబ్బలొస్తాయి.

కందుకూరు_దొడ్డి

నమస్కారం సార్లకీ మేడమ్‌కీ. నేను డాక్టర్ని కాదు, మా ఇంట్లో తాతల కాడ్నించి పందులు సాకేదే పని, నేను ఇప్పుడు ఒక ల్యాబులో జంతువుల్ని చూసుకునే పనిలో ఉండా. మీరంతా సూది పొడిచిన కాడ్నించి చెప్తా ఉండారు, దానికి ముందుది నేను చెప్తా.

కావలి సార్, పందులు వచ్చిన మర్నాడే ఆపరేషన్ పెట్టబాకండి. కనీసం వారం, కుదిరితే రెండు వారాలు దొడ్లో ఉండాల. ఒక్కదాన్ని ఒంటిగా పెట్టబాకండి, పక్కనున్నదాని ముక్కు అన్నా కనపడాల. రోజూ ఒకే మనిషి, ఒకే టయానికి పోయి తవుడు కలిపిన కుడితి పొయ్యాల, పోసినాక వెంటనే రాకుండా తొట్టి తిరగేసుకుని దాని మీద కూసోవాల. అదే వస్తది, ప్యాంటు కొరుకుద్ది, బూటు నాకుద్ది. చెవి వెనకాల గోకండి, అది మీకు సూదేసే చోటే కదా, రోజూ అక్కడ గోకించుకునే అలవాటైతే ఆ రోజు సూది కూడా గోకుడే అనుకుంటది. త్రాసు మీదకి ఎక్కించేది కూడా బెల్లం ముక్క చూపించి నేర్పాల, లేకపోతే తూకం రోజే సగం చచ్చిపోద్ది.

చెవులు పట్టుకుని, వెనక కాళ్ళు పట్టుకుని ఎత్తబాకండి. పందిని లాగితే రాదు, అది ఎప్పుడూ లాగినదానికి ఎదురే పోద్ది. ఒక ప్లైవుడ్ చెక్క పక్కన అడ్డంపెట్టి నడిపిస్తే గోడ అనుకుని అటే నడుస్తది. ఒకటి అరిచిందంటే ఆ దొడ్లో మిగతావన్నీ మేత ముట్టవు, అందుకని సూది వేరే చోట వెయ్యాల, మిగతావాటికి వినపడకుండా.

ఎండాకాలం పొద్దున్నే అయిదు, ఆరుకల్లా పని మొదలుపెట్టండి. పందికి చెమట పట్టదు, బురదే దానికి చెమట. మధ్యాన్నం పూట వెంటపడి పరిగెత్తించి మత్తిస్తే, మీరు చెప్పే ఆ జీన్ ఉన్నా లేకపోయినా ఒళ్ళు కాలిపోద్ది. కప్పు మీద గోనెపట్టాలు వేసి తడపండి, పందుల మీద కూడా నీళ్ళు చిలకరించండి.

ఊళ్ళో తిరిగే పందుల్ని చవకని కొనుక్కునేరు, వాటి కండలో పొక్కులుంటాయి, ఊపిరితిత్తుల్లో చీముంటది.

గూడూరు_అక్క

ఈ పోస్టు పైన పిన్ చెయ్యండి ఎవరన్నా. నా సగం కేసులు బాగా జరిగింది ఇట్టాంటి ఒక అన్న వల్లే. తరుముకుని పట్టుకున్న పందికీ నడుచుకుంటా వచ్చిన పందికీ మత్తు డోసే సగం తేడా ఉంటది.

ఆయన చెప్పిన పొక్కులు అంటే బద్దెపురుగు సిస్టులు, సిస్టిసెర్కోసిస్. ఫారం నుంచి తెచ్చినా సరే స్వైన్ ఫీవర్ టీకా పడిందో లేదో చూసి, వేరుగా క్వారంటీన్‌లో పెట్టి తర్వాతే మిగతావాటితో కలపండి. 2020 నుంచి మన దేశంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కూడా ఉంది కాబట్టి ఇది ఊరికే చెప్పే మాట కాదు.

పొదిలి_పీజీ

నాదొక సందేహం అక్కా. మెష్ చుట్టూ వాపు, కండ పట్టడం ఇవే కదా ఆ స్టడీలో చూసేది. ఆపరేషన్ తర్వాత నొప్పికి మెలాక్సికామ్ ఇస్తే అది వాపునే తగ్గిస్తది కదా, రిజల్ట్ మారిపోదా? మా డిపార్ట్‌మెంట్లో ఒక సార్ అందుకే పెయిన్ కిల్లర్లు రాయొద్దంటారు.

ఒంగోలుగిత్త

నేను చెప్పిందీ అదేగా. పంది సాయంత్రానికి లేచి నిలబడతది, దానికి నొప్పి మందులెందుకు, డబ్బు దండగ, లెక్కలూ తప్పు.

గూడూరు_అక్క

గిత్తన్నా, లేచి నిలబడింది కాబట్టి నొప్పి లేదనేది పంది దగ్గర చెల్లదు. మందలో బతికే జీవి, నొప్పి చూపిస్తే పక్కవి పొడిచి తరిమేస్తాయి, అందుకని దాచుకుంటది. నువ్వు ఎదురుగా ఉంటే మామూలుగానే ఉంటది. తలుపు సందులోంచి, అది నిన్ను చూడకుండా చూడు. తొట్టి దగ్గరికి వచ్చి మూతి పెట్టి తినకుండా పోవడం, తోక వేలాడేసుకోవడం, కుక్క మాదిరి పిర్రల మీద కూర్చోవడం, పళ్ళు కొరకడం, పక్కవాటికి దూరంగా మూలకి మూతి పెట్టి పడుకోవడం. మేత దగ్గరికి రాని పంది అంటే అది పండగ పూట అన్నం వద్దన్న పిల్లోడితో సమానం, లోపల ఏదో ఉంది.

పొదిలి అమ్మాయీ, మీ సార్ అడిగింది తప్పేం కాదు గానీ దానికి జవాబు మందు మానెయ్యడం కాదు. నొప్పితో ఉన్న పందికి కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) ఎక్కుతది, తిండి పోద్ది, గాయం మానడం ఆలస్యం అవుద్ది, అవన్నీ నీ మెష్ లెక్కలోకి రావా? పైగా ఒక్కో పందికి ఒక్కో మాదిరి వస్తాయి, అది మందు కంటే అధ్వాన్నం, ఎందుకంటే మందైతే అన్నిటికీ ఒకే డోసు ఒకే టయానికి పడతది, దాన్ని లెక్కలో పట్టుకోవచ్చు. వాపు మందు వద్దనుకుంటే బుప్రెనార్ఫిన్ ఉంది, కేజీకి 0.01 నుంచి 0.05 ఎంజీ, ఎనిమిది నుంచి పన్నెండు గంటలకోసారి. అది ఎక్కడానికి అరగంట పైన పడతది కాబట్టి కుట్లు మొదలుపెట్టకముందే వెయ్యాల. కోత పెట్టే చోట బుపివకెయిన్ (తిమ్మిరి మందు) కూడా. కేజీకి 2 ఎంజీ దాటకూడదు, 30 కేజీలకి అర శాతం మందు 12 ఎంఎల్, పల్చన చేసుకుంటే 24. రక్తనాళంలోకి పోకుండా సిరంజి లాగి చూసి వెయ్యి, గుండె మీద పడతది, పంది గుండె అసలే చిన్నదానికే కొట్టుకోవడం మానేసి వణకతది.

ఏం ఇస్తారో ప్రోటోకాల్‌లో ముందే రాసి కమిటీకి ఇచ్చి ఉండాలి. నొప్పి మందు ఇవ్వం అంటే ఎందుకు ఇవ్వరో సైన్సు పరంగా రాసి ఒప్పించాలి, "డబ్బు దండగ" అని రాస్తే ఏ కమిటీ ఒప్పుకోదు. కెటమిన్, ఫెంటనిల్, బుప్రెనార్ఫిన్ మూడిటికీ తాళం బీరువా, రిజిస్టర్ ఉండాల తమ్ముడూ, మిగిలిన అర ఎంఎల్ పారబోసినా సంతకం పెట్టించుకో.

ఒంగోలుగిత్త

సరేమ్మా, మూలకి మూతిపెట్టి పడుకునేది మాత్రం నేనూ చూశా, మా వాళ్ళు దానికి దిష్టి తగిలిందనేవాళ్ళు. లెక్క సంగతి ఒప్పుకుంటా. డబ్బు సంగతి ఒప్పుకోను.

కావలి_వెట్

హ హ. అక్కా, ట్యూబ్ ఎప్పుడు తియ్యాలి, రాత్రికి ఎట్టా ఉంచాలి, కుట్లు ఎట్టాంటివి, ఇవొక్కటి చెప్తే ఇంక అడగను.

గూడూరు_అక్క

ట్యూబ్ తియ్యడానికి తొందరపడబాక. మింగాలి, దవడ ఆడించాలి, తల ఎత్తాలి, రొమ్ము మీద పడుకోగలగాలి, అప్పుడు తియ్యి. ముందే తీస్తే గొంతు పట్టేస్తది, మళ్ళా వెయ్యాలంటే ఈసారి వాచిపోయి ఉంటది. తీసినాక పావుగంట పక్కనే కూర్చో, ఆక్సిజన్, బ్లేడు, చిన్న సైజు ట్యూబ్ చేతికి అందేట్టు పెట్టుకుని.

పూర్తిగా తేరుకునే దాకా ఒంటరిగా, కింద రబ్బరు మ్యాటు, నీళ్ళ తొట్టి లేకుండా. మగతలో నీళ్ళ తొట్టిలో మూతి పెట్టి పోయిన పందులుండాయి. గట్టిగా నిలబడ్డాక నీళ్ళు, తర్వాత కొంచెం జావ. పంది కడుపులో అల్సర్ చానా తొందరగా వస్తది, పస్తు, బెదురు, పైన మెలాక్సికామ్, మూడూ కలిస్తే ఇంకా, అందుకని తిండి త్వరగా మొదలుపెట్టు, పేడ నల్లగా తారు మాదిరి వస్తే మెలాక్సికామ్ ఆపి చూడు.

కుట్లు చర్మం లోపలే, ముడి కూడా లోపలికి పోవాలి, కరిగే దారం. పైకి దారం కనపడిందంటే అది గోడకి రుద్దుతది, పక్కది కొరుకుద్ది. మెడకి కాలర్ వెయ్యడం పందికి కుదరదు, మెడే లేదు దానికి. మళ్ళా పాత జతలోకే, ఒకటి రెండు రోజుల్లోపే కలుపు, ఆలస్యమైతే కొత్తదనుకుని కొట్టుకుంటాయి, నీ మెష్ కుట్లు వాటి మూతికి గురి.

రోజుకి రెండుసార్లు ఉష్ణోగ్రత, ఎంత తిన్నది, గాయం ఎట్టా ఉంది, రాయించు. వారానికోసారి బరువు. నాలుగు వారాల్లో పంది 45 కేజీలకి పోవచ్చు, పొట్ట పెరిగినప్పుడు మెష్ లాగుడు మారతది, సర్జన్‌కి ఇది ముందే చెప్పు.

చీమకుర్తి_రాయి

ఈ ల్యాబులో కరెంట్ పోతే ఏందన్నా పరిస్థితి? మా సైడు ఎండాకాలం ఎప్పుడు పోద్దో తెలీదు. ఇంకోటి, చివర్లో ఆ పందుల్ని ఏం చేస్తారు, మాంసం అమ్ముకోవచ్చా? తిట్టొద్దు, తెలీక అడుగుతా ఉండా.

మూలాపేట_మత్తుడాక్టర్

మంచి ప్రశ్నలే. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఆధారపడొద్దు, సిలిండర్ ఒకటి వాడకంలో, ఒకటి స్పేర్. ఐసోఫ్లూరేన్‌ని ఆవిరి చేసే వేపరైజర్‌కి కరెంట్ అక్కర్లేదు, వెంటిలేటర్ ఆగితే చేత్తో బ్యాగ్ నొక్కడమే, నిమిషానికి 12 నుంచి 16 సార్లు. మానిటర్‌కి ఇన్వర్టర్ ఉండాలి, అందులోనూ క్యాప్నోగ్రాఫ్‌కి.

మాంసం అస్సలు కుదరదు. ఒంట్లో ఇన్ని మందులు పోయినాయి. చివర్లో మళ్ళీ పూర్తి మత్తులో పెట్టి, మత్తులో ఉండగానే థయోపెంటోన్ ఎక్కువ డోసుతో ముగిస్తారు. పొటాషియం క్లోరైడ్ వాడితే లోతైన మత్తులో ఉన్నప్పుడే, మెలకువలో ఇస్తే అది హింస. ఆ తర్వాత కళేబరం బయోమెడికల్ వేస్ట్ కింద పసుపు సంచిలోకి పోవాలి, 2016 రూల్స్‌లో ఉంది.

కందుకూరు_దొడ్డి

సార్, ఆ చివరి రోజు కూడా రోజూ పోయే మనిషే పోవాల. కొత్తవాళ్ళొస్తే దానికి తెలిసిపోద్ది. మేం బెల్లం పెట్టి తీసుకొస్తాం, చెక్క కూడా అక్కర్లేదు.

కావలి_వెట్

పెద్ద పని పెట్టుకున్నా అందరికీ. ఆపరేషన్ తేదీ రెండు వారాలు వెనక్కి జరపమని యూనిట్ వాళ్ళకి మెయిల్ పెట్టేశా, పందులు దొడ్లో అలవాటు పడాలని. సర్జన్ గొణిగాడు, ఈటీసీఓటూ సంగతి చెప్పినాక ఆయనే సరేనన్నాడు. డాంట్రోలీన్ ఆర్డర్ పెట్టమన్నా. కందుకూరు అన్నా, మీ నంబర్ ఇక్కడ పెట్టబాకండి గానీ నాకు మెసేజ్ చెయ్యండి, మా దొడ్డి చూసే కుర్రోడికి ఒకసారి నేర్పించాల.

అక్కా, పొడుగు బ్లేడు మద్రాసులో దొరుకుద్దా?

గూడూరు_అక్క

దొరుకుద్ది, ప్యారీస్ కార్నర్ దగ్గర సర్జికల్ షాపుల్లో అడుగు, వెటర్నరీ తిన్న బ్లేడు, పెద్ద సైజు అని. దొరక్కపోతే నా పాతది ఉంది, వచ్చి తీసుకుపో, కానీ బల్బు మార్పించుకోవాల. బ్లేడుతో పాటు ఒక బూజీ (ట్యూబ్‌కి దారి చూపే సన్నటి కడ్డీ) కూడా కొనుక్కో, మొదటి రెండు పందులకి దాని మీదుగానే ట్యూబ్ జార్చు.